చివరి చుట్టులో ఇండికేటర్

ఆ రోజుల్లో దోహాలో మాకూ ఒక రేసు మైదానం ఉండేదంటే ఇప్పుడెవరూ నమ్మరు. నమ్మించే ఓపిక నాకూ పోయింది. ఊరి బయట తుక్కు యార్డు వెనక, ఇసుకలో పాత టైర్లు పాతి గీసిన కోడిగుడ్డు ఆకారపు బాట అది. నలిపేయబోయే కార్లకు శుక్రవారం సాయంత్రాలు చివరిసారి ప్రాణం పోసి అక్కడ తిప్పేవాళ్ళం. చూడడానికి వేలాదిమంది వచ్చేవారు. (వేలు కాదులెండి, ఒక లేబర్ క్యాంప్ బస్సుకు సరిపడా జనం. అందులోనూ సగం మంది టీ కోసం.) గెలిచినవాడి పేరు ఒక టైరు మీద తెల్లరంగుతో రాసేవారు.

ఆ మైదానం మొదలుపెట్టింది జగిత్యాల మెకానిక్ ఒకాయన, మా అందరికీ బోల్టు మామ. ఊళ్ళోవాళ్ళందరి పేర్లూ టైర్లకెక్కాయి గాని, మామ బాగుచేసిన బండి ఒక్కసారీ గెలవలేదు. ఇంతలో అక్కడ గోదాములు కడతామని యార్డు యజమాని ‘ఖలాస్’ అనేశాడు. మామ వీసా కూడా అయిపోవచ్చింది. “ఒక్క టైరు మీద మన పేరు పడాలెరా. గది సూసి ఇంటికి పోత” అని చివరి పందేనికి స్టీరింగు నా చేతికిచ్చాడు. దోహా మొత్తంలో నన్ను మించిన డ్రైవరు లేడు మరి. (ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో ఒక అరబ్బు పిల్లల్ని బడికి దింపే హౌస్ డ్రైవర్ని. మెల్లగా నడుపుతానని పేరు.)

అయినా ఆ రోజు నాకేదో పూనింది. చివరి చుట్టులో నేనే ముందు! అప్పుడు వెనకనుంచి పక్క క్యాంప్ పఠాన్ హెడ్‌లైట్లు టపటపా కొట్టాడు. దోహా రోడ్ల మీద వెనక బండి లైట్లు కొడితే తప్పుకోవడం మా హౌస్ డ్రైవర్లకు ఊపిరి పీల్చినంత అలవాటు. కుడివైపు ఇండికేటర్ వేసి, మర్యాదగా పక్కకు జరిగి దారిచ్చాను. పఠాన్ చెయ్యెత్తి ‘షుక్రన్’ అని థాంక్స్ కూడా చెప్పిపోయాడు.

“దారిచ్చినవారా? రేసుల దారిచ్చినవా?” అన్నాడు మామ.

“లైటు కొట్నాడు మామా... చెయ్యి దానంతటదే తిరిగింది.”

మామ బండి చుట్టూ తిరిగొచ్చి, ఇంకా కొట్టుకుంటున్న ఆ కుడివైపు లైటు కేసి వంగి చూశాడు. చివరికి, “ఇండికేటర్ అయితే మంచిగ పనిచేసిందిరా” అన్నాడు. ఆ మాట అనకుండా నన్ను తిట్టినా బాగుండేది.

మామ వెళ్ళిపోయాడు. టైర్లనూ బుల్‌డోజరు ఎత్తుకుపోయింది. మొన్న ఆ గోదాముల పక్కగా పోతుంటే వెనక ఒక లారీ లైట్లు కొట్టింది. ఇండికేటర్ వేశాను. ఇంత వయసొచ్చినా ఒక్కసారైనా మొండికెయ్యలేకపోయిన ఈ ముసలాణ్ణి అద్దంలో చూసి నాకే నవ్వొచ్చింది. ‘మంచిగనే పనిచేస్తాంది మామా’ అని, పక్కకు జరిగాను.