పదహారో శతాబ్దపు లాడాలు

కుళ్ళాయప్పది ఏ వృత్తో కంప్యూటరుకు తెలియదు. నాకు తెలుసు, హిందూపురం మార్కెట్‌కు ఎద్దుల్ని తోలుకొచ్చే రైతులకు తెలుసు, ఆ ఎద్దులకైతే మరీ బాగా తెలుసు. కానీ చేతివృత్తులవాళ్లకు గుర్తింపు కార్డు ఇచ్చే దరఖాస్తులో నలభై రెండు వృత్తులుంటే, ఎద్దులకు లాడాలు కొట్టేవాడు మాత్రం అందులో లేడు.

నేను బస్టాండు దగ్గర జిరాక్సు అంగడి పెట్టుకుని జనం దరఖాస్తులు నింపి బతుకుతున్నవాణ్ణి. పేరు సుధాకర్. మనిషి ఉన్నాడా లేడా అని తేల్చేది డాక్టరు కాదనీ, దరఖాస్తులోని గడులనీ ఈ పదిహేనేళ్లలో నాకు బాగా అర్థమైంది. కుళ్ళాయప్పను తీసుకెళ్లి "ఇతరములు" అనే గడిలో కూర్చోబెట్టాను. ఆ గడి ధర్మసత్రం లాంటిది, ఎవరినైనా రానిస్తుంది గానీ ఎవరికీ అన్నం పెట్టదు.

కుళ్ళాయప్పకు అరవై ఆరేళ్లు. బక్క మనిషి. అంత పెద్ద ఎద్దును తాడుతో రెండు మెలికలు వేసి చడీచప్పుడు లేకుండా నేల మీద పడుకోబెడతాడు. నాలుగు కాళ్లూ కలిపి కట్టేసి, గిట్టలు చెక్కి, లాడాలు పెట్టి మేకులు దిగ్గొడతాడు. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కాబట్టి కాలికి రెండు లాడాలు. ఒక్కొక్కటీ తమలపాకును నిలువునా సగానికి కోసినట్టు ఉంటుంది. తారు రోడ్డు మీద నడిచే ఎద్దుకు అవే చెప్పులు. యాభై ఏళ్లుగా ఈయన చేస్తున్న పని ఇదే. ఈ ఏడాది ఉగాది తర్వాత కుడి భుజం మొండికేసింది. సుత్తి రొమ్ము దాకా లేస్తుంది, ఆపైన లేవనంటుంది. కార్డు ఉంటే పెన్షన్ వస్తుంది. రాకపోతే ఆ భుజంతోనే బతుకు ఈడ్చాలి. అదీ సంగతి.

కార్డులిచ్చే ఆఫీసులో గుమాస్తా మా దరఖాస్తు చూసి, "ఇతరములు అంటే రుజువు కావాలి. ఇలాంటి పని ఒకటి ఉందని చరిత్రకు సంబంధించిన ఏదైనా సంస్థ నుంచి లెటర్ తీసుకురండి" అన్నాడు.

"నేను ఉండా కదా సార్, సూడు" అన్నాడు కుళ్ళాయప్ప.

"నువ్వుంటే సరిపోదు పెద్దాయనా. లెటర్ ఉండాలి."

అప్పుడు నాకు పెనుకొండ గుర్తొచ్చింది. అక్కడ కొత్తగా ఒక ట్రస్టు వాళ్లు అశ్వదళాల మ్యూజియం తెరిచారు. గుర్రాలు, రౌతులు, పాతకాలపు యుద్ధాలు అన్నీ ఒకే చోట చూడొచ్చని కరపత్రం ముద్రించారు. ఆ కరపత్రాన్ని జిరాక్సు తీసింది నేనే. గుర్రాల మ్యూజియానికి లాడాల మనిషి అంటే అల్లుడొచ్చినంత సంబరపడతారని లెక్కవేశాను. ఆ ఆలోచన నాదే, తప్పు ఇంకొకరి మీదకు నెట్టలేను.

మంగళవారం పొద్దున బస్సెక్కాం. కుళ్ళాయప్ప ఉతికిన పంచె కట్టి, భుజాన కొత్త తువ్వాలు వేసుకున్నాడు. దారి పొడుగునా ఒకటే మాట. "ఆడ నిజం గుర్రం ఉంటాదా, సుధాకరా? మా నాయన జట్కా గుర్రాలకు కొడతాంటే కాళ్లు పట్టుకునేది నేనే. గుర్రం కాలు పట్టుకుని నలభై ఏండ్లాయ."

నిజం గుర్రం లేదు. హాలు మధ్యలో ఫైబర్ గుర్రం ఉంది. ముందుకాళ్లు రెండూ పైకెత్తి, నోరు తెరిచి, పన్ను పీకించుకుంటున్నట్టు నిలబడి ఉంది. దాని వీపు మీద ధర్మవరం పట్టుచీర పరిచారు. ట్రస్టులో ధర్మవరం షావుకారు ఒకాయన ఉన్నాడట, అంచూ కొంగూ రెండూ కనబడేలా పరచమన్నాడట. గుర్రం పెళ్లికూతురికి తోడు వచ్చిన ముత్తైదువలా ఉంది. మీట నొక్కితే సకిలిస్తుంది. దాని పక్కన నిలబడి ఫోటోలు తీసుకోవడానికి వరుస కట్టారు. గోడ నిండా యుద్ధం బొమ్మలు, యుద్ధం బొమ్మల మధ్య "కోట వ్యూ" ఇళ్ల స్థలాల బొమ్మలు. యుద్ధంలో ఎవరు గెలిచారో బొమ్మలో తేలలేదు గానీ, స్థలాలు మాత్రం కొన్నే మిగిలాయని రాసి ఉంది.

చూపించడానికి సంగీత అనే అమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల. రాజులు సముద్రం అవతలి నుంచి గుర్రాలను ఓడల్లో తెప్పించేవారని, అరేబియా గుర్రమంటే రాజులు పడిచచ్చేవారని గుక్కతిప్పుకోకుండా చెప్పింది.

"దారిలో గుర్రం చచ్చిపోయినా వర్తకులకు దుడ్లు ఇచ్చేటోళ్లంట తాతా. తోక కోసి తెచ్చి చూపిస్తే చాలంట."

కుళ్ళాయప్ప నిలబడిపోయాడు. "సచ్చిన గుర్రానికి తోక సూపిస్తే నమ్మినారా? బతికుండే మనిషి ఎదురుగా నిలబడితే లెటర్ తెమ్మంటాండారే, ఈళ్లు ఏ రాజ్యమోళ్లు?"

ఆ పిల్ల నవ్వి మమ్మల్ని లోపలి గదిలోకి తీసుకెళ్లింది. మ్యూజియం మొత్తానికి ఇదే ముఖ్యమైన గది అంది. దీపాలు తగ్గించి, మధ్యలో ఒక్క అద్దాల పెట్టె పెట్టారు. పెట్టెలో ఎర్ర మఖమల్ గుడ్డ మీద ఎనిమిది తుప్పు పట్టిన ఇనుప ముక్కలు. కింద బంగారు రంగు అక్షరాలు: "అశ్వదళపు గుర్రాల లాడాలు. పదహారో శతాబ్దం."

"చెన్నేకొత్తపల్లి దగ్గర మా ట్రస్టువాళ్లు పునాది తవ్వుతుంటే దొరికినాయి. ఇవి సగం లాడాలు. బరువు తగ్గాలని సగమే కొట్టేవాళ్లంట. అందుకే మన గుర్రాలు గాల్లో తేలినట్టు పోయేవంట" అంది సంగీత.

కుళ్ళాయప్ప అద్దానికి ముక్కు ఆనించి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

"సుధాకరా, ఇవి నావే."

"నీవంటే?"

"నేను కొట్టినవే అప్పా! చిల్లు పొడిచే నా ఉలికి అంచు ఇరిగుండాది. చిల్లు పక్కన గోటితో గీసినట్టు గీత పడతాది, సూడు. చెన్నేకొత్తపల్లి వెంకటస్వామి ఎద్దులకు కొట్నా. ఆయప్ప ట్రాక్టర్ కొన్న ఏడు ఎద్దులమ్మినాడు, ఆ మీదట చేనూ అమ్మినాడు. లాడాలు చేన్లోనే పారేసినట్టున్నాడు."

నేను చూశాను. ప్రతి చిల్లు పక్కనా గీత ఉంది. నాకు నవ్వాగలేదు. వెంటనే భయమూ వేసింది, ఎందుకంటే లెటర్ ఇవ్వాల్సిన ఛైర్మన్ అప్పటికే మమ్మల్ని గదికి రమ్మని కబురు పెట్టాడు.

ఛైర్మన్ శివప్రసాద్ గారు పదేళ్ల క్రితం దాకా స్థలాలు అమ్మేవారు. ఇప్పుడు చరిత్ర కూడా అమ్ముతున్నారు. మా సంగతి విని కుర్చీలోంచి లేచి వచ్చి కుళ్ళాయప్ప చేతులు రెండూ పట్టుకున్నారు.

"తరతరాల లాడాల కుటుంబమా! నీలాంటి వాడి కోసమే వెతుకుతున్నాం పెద్దాయనా. రేపు పేపరోళ్లు వస్తారు. ఆ పెట్టె పక్కన నిలబడి, ఇవి సైన్యంలోని గుర్రాలకు మా పెద్దలు కొట్టిన లాడాలు అని ఒక్క మాట చెప్పు. నీ లెటర్ ఇప్పుడే టైపు చేయిస్తా."

అప్పుడే కంప్యూటర్ ముందున్న అమ్మాయి లెటర్‌హెడ్ కాగితం తీసి ప్రింటర్లో పెట్టింది. కాగితం పైన పరుగెత్తే గుర్రం. నేను టేబుల్ కింద నుంచి కుళ్ళాయప్ప కాలు తొక్కాను. ఒప్పుకో అని. దాచడం దేనికి, ఆ క్షణంలో నాకు చరిత్ర అక్కర్లేదు, సత్యం అక్కర్లేదు. ఆ కాగితం కావాలి.

కుళ్ళాయప్ప కూడా మొండి మనిషేమీ కాదు. కాసేపు తువ్వాలు సర్దుకుని బేరానికి దిగాడు.

"ఐదు నూర్ల ఏండ్లవి అని చెప్తా సార్. వెయ్యేండ్లు అనమన్నా అంటా, నాదేం పోయె. మా ముత్తాత కొట్నాడనీ చెప్తా. ఆయప్పకు ఏం తెలీదు, పాపం, ఎప్పుడో పాయ. గుర్రానివని మాత్రం చెప్పలేను."

"అదే కదా అసలు మాట!"

"ఇవి ఎద్దువి సార్. గుర్రానికి గిట్ట ఒకటే, చీలి ఉండదు. ఇది గుర్రానికి పెట్టి కొడితే మేకు పక్కకు పోయి మెత్తని కండలో దిగుతాది. నాలుగు అడుగులు ఎయ్యలేదు. కుంటుతాది."

ఛైర్మన్ నవ్వారు. "మా గుర్రం ఫైబర్ గుర్రమయ్యా. కుంటదు."

"మీ గుర్రానికి కాదు సార్. నేను చెప్పినానని రాస్తారు కదా. లాడాలు కొట్టేవాడు చెప్పినాడంటే జనం నమ్ముతారు. నా నోటితో గుర్రానికి కుంటు పెట్టలే. అది నా శాత గాదు."

హాల్లో ఎవరో మీట నొక్కారు, గుర్రం సకిలించింది. శివప్రసాద్ గారు మళ్లీ కుర్చీలో కూర్చుని, ఆ అమ్మాయిని ప్రింటర్లోంచి కాగితం తీసేయమన్నారు.

"కమిటీలో చర్చించి లెటర్ పోస్టులో పంపిస్తాం" అన్నారు నాతో, కుళ్ళాయప్ప వైపు చూడకుండా.

తిరుగు బస్సెక్కాం. నాకు ఒళ్లు మండిపోతోంది. వెయ్యేళ్ల అబద్ధం ఆడటానికి సిద్ధపడిన మనిషి, ఎప్పుడూ పుట్టని గుర్రం కాలి కోసం పెన్షన్ వదులుకున్నాడు! సోమందేపల్లి దాటాక ఆపుకోలేక అడిగేశాను.

"ఏమప్పా, అంత అబద్ధం మింగినోడివి, ఆ కాస్త మింగలేకపోతివా?"

"ఏండ్లు నాకు తెలీవు, అందుకే మింగినా" అన్నాడు కిటికీలోంచి చూస్తూ. "గిట్ట తెలుసు కదప్పా నాకు."

ఆయన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. గుంతలో బస్సు ఎగిరినప్పుడల్లా ఆయన మొహం ముడుచుకునేది. సిగ్గేసింది నాకు, ఆయన కాలు తొక్కినందుకు.

పద్దెనిమిది రోజుల తర్వాత లెటర్ నా అంగడి చిరునామాకే వచ్చింది. కవరు మీద కూడా పరుగెత్తే గుర్రమే. వచ్చిందంటే ఇచ్చినట్టేనని, విప్పకుండానే షట్టర్ సగం దించి మార్కెట్‌కు పరిగెత్తాను.

కుళ్ళాయప్ప పనిలో ఉన్నాడు. అమరాపురం నుంచి వచ్చిన రామాంజనేయులు అనే రైతు ఎద్దును పడుకోబెట్టి ఉన్నారు. రైతు దాని మెడ మీద మోకాలు ఆనించి పట్టుకున్నాడు. రెండు కాళ్లు అయిపోయాయి, ఇంకా రెండు మిగిలాయి. సుత్తి పైకి లేవడం లేదు కాబట్టి కుళ్ళాయప్ప నేల మీద పక్కకు ఒరిగి, ఎడమ చేత్తో కొడుతున్నాడు. అర్ధగంట పని గంట అవుతోందని రైతు గొణుగుతున్నాడు.

"లెటర్ వచ్చిందన్నా!"

"సదువు, సదువు" అన్నాడు, మేకులు పళ్ల మధ్య పెట్టుకునే.

కవరు చించి పెద్ద గొంతుతో మొదలుపెట్టాను. "హిందూపురం వాస్తవ్యులు శ్రీ కుళ్ళాయప్ప గారి విషయమై మా కమిటీ క్షుణ్ణంగా పరిశోధించినది. లాడాలు కొట్టే వృత్తి పదహారో శతాబ్దంతోనే పూర్తిగా అంతరించినది. మా ప్రదర్శనశాలలో ఉన్న ఎనిమిది లాడాలే ఆ వృత్తికి చివరి ఆనవాళ్లు. కావున ఈ వృత్తి చేయువారు ప్రస్తుతం ఎవరూ లేరని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

చివరి వాక్యం నమ్మలేక ఇంకోసారి చదివాను. కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. కింద సంతకం, సంతకం మీద గుండ్రటి ముద్ర, ముద్రలోనూ ఒక గుర్రం.

రామాంజనేయులు ఒకసారి నన్ను, ఒకసారి కుళ్ళాయప్పను చూశాడు. "అంటే ఏమంట?"

కుళ్ళాయప్ప పళ్ల మధ్య నుంచి ఒక మేకు తీసి గిట్ట మీద ఆనించాడు.

"మెల్లగ సదువు సుధాకరా" అన్నాడు. "ఎద్దుకు ఇనపడితే లేసి పోతాది. ఇంకా రెండు కాళ్లుండాయి."