మహబూబ్‌నగర్‌లో మా రాజు గుర్రంలా దూకిన రోజు

చదరంగం పోటీల్లో అప్పటిదాకా నేను ఒక్క ఆటా గెలవలేదు, కనీసం డ్రా కూడా చేయలేదు. మర్రిగూడలో మా ఎల్లయ్య కటింగ్ షాపు ముందు మాత్రం ఏండ్లుగా నన్ను ఓడించడం కష్టం. "ఈసారి డ్రా చేసి అర పాయింటన్న తేకుంటే ఇగ పోటీల ముచ్చట బంద్ చెయ్యాలె" అన్నాడు ఎల్లయ్య, నా గడ్డం గీస్తూ. కత్తి గొంతు మీదున్నప్పుడు ఎవరైనా ఒప్పుకుంటారు.

మర్రిగూడ నుంచి పొద్దున్నే హైదరాబాద్, అక్కడ బస్సు మారి షాద్‌నగర్, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్. చుట్టుదారే గానీ బస్సులకు కొదవ లేదు. మా ఊరి పాత బోరు ఫ్లోరైడ్ నీళ్లకు బిగుసుకున్న నా నడుమును చూసి కండక్టరమ్మ ముందు సీటు ఇప్పించింది. ఆమె చల్లగుండాలి. ఫోనులో చూసి బట్టీ పట్టిన ఎత్తులను దారంతా గొణుక్కుంటుంటే, షాద్‌నగర్‌లో డ్యూటీకి పోయే పక్కసీటాయన అదేం మంత్రమని అడిగాడు. చదరంగమని చెప్పాను. "మరి అవుతలోడు గూడ గదే మంత్రం చదువుకోని వస్తడా తాతా?" అన్నాడు.

బస్టాండు నుంచి పోటీ హాలుకు షేర్ ఆటోలో ఇరవై రూపాయలు. మొదటి ఆట నారాయణపేట అమ్మాయి అనూషతో. ఇంటర్ చదువుతోందట. నాలుగో ఎత్తుకే నా బట్టీలో లేని చోట బంటు పెట్టింది. నా మంత్రం అక్కడితో సరి. తను మాత్రం చకచకా ఆడుతోంది. తనదీ బట్టీయే, కాకపోతే నాదానికన్నా బాగా పొడుగు. నా రాజుకు ముప్పు ముంచుకొచ్చేసరికి చెయ్యి దానంతటదే కదిలింది. రాజును గుర్రంలా దూకించాను.

మా ఊరి ఆటలో చెక్ పడకముందు రాజు ఒక్కసారి అలా దూకొచ్చు. పోటీలో అది తప్పు ఎత్తు. ఆర్బిటర్ వచ్చి రాజును వెనక్కి పెట్టించి, ఆమె గడియారానికి రెండు నిమిషాలు కలిపాడు. "ముట్టుకున్నది రాజునే గద పెద్దాయనా, రాజునే జరపాలె" అన్నాడు నెమ్మదిగా. పోను ఒక్క గడే ఉంది, అదీ బోర్డు నడిమికి. సిగ్గుపడుతూనే జరిపాను.

అనూష చెయ్యి ఆగిపోయింది. అలాంటి ఎత్తు ఏ పాఠంలోనూ ఉండదు మరి. మొదటిసారి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించింది. ఇక ఇద్దరమూ కటింగ్ షాపు ముందు కూర్చున్నట్టే. చివరికి బోర్డు మీద రెండు రాజులే మిగిలి, ఆట డ్రా అయింది.

మిగతా ఆటలన్నీ ఓడిపోయాను, దాచేదేముంది. మధ్యాహ్నం హాలు ఎదుటి మెస్సులో జొన్నరొట్టె తింటుంటే అనూష వచ్చింది. "తాతా, గా దూకుడాట నాకు జర నేర్పుతవా?" అంది. హాలు మెట్ల మీద తన మడత బోర్డు పరిచి ఆడితే రెండాటలు నేను గెలిచాను. మూడో ఆటలో తన రాజు సరైన అదను చూసి దూకింది, నేను ఓడాను. ఆ రోజు నాకు బాగా నచ్చిన ఓటమి అదే.

బట్టీని తక్కువ చేయను. అది వాకిలి దాకా తెచ్చి దించుతుంది, ఇంట్లోకి మనమే నడవాలి. సీటిప్పించిన కండక్టరమ్మకూ, కసరకుండా చెప్పిన ఆర్బిటర్‌కూ, ఆ అమ్మాయికీ రుణపడి ఉన్నాను. మీరూ ఇలాంటి పోటీకి పోతే సంచిలో ఓ మడత బోర్డు పెట్టుకోండి, అసలు ఆట మెట్ల మీద దొరుకుతుంది.

తిరుగు బస్సెక్కి ఎల్లయ్యకు ఫోన్ చేశాను. అర పాయింటు ఎట్లా వచ్చిందని అడిగితే, రాజును దూకించానని చెప్పాను.

"గట్ల దూకనిచ్చిన్రా?"

"దూకనియ్యలే. అందుకే వచ్చింది."