మా అమ్మాయి ఇచ్చిన గుడ్డు నాణెం

మా అమ్మాయి ప్రభువు దగ్గరికి వెళ్లిపోయి ఐదు వారాలైంది. ఆ రోజు తన ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, ఇంగ్లీషులో ఏదో చెప్పారు. మన చర్చి సంఘంలో తన స్నేహితురాలు పరుగెత్తుకొచ్చి చెప్తేగానీ నా బిడ్డ గుండె ఆగిపోయిందని నాకు తెలియలేదు.

నేను ఐదో తరగతి దాకా చదివాను. అమెరికాలో ఈ నోవై ఊళ్లో ఇంట్లో మేమిద్దరమే. వచ్చిన ఉత్తరాలన్నీ తనే చదివి చెప్పేది. కొన్నిటిని చూసి, "ఇన్సూరెన్స్ వాళ్ల యాడ్ అమ్మా, చెత్తలో పడెయ్" అనేది. పడేసేదాన్ని. ఈ చలికాలం కారు మీద మంచు తుడిచే పని నాకప్పగించింది. "నీకు ఎక్సర్‌సైజ్" అని నవ్వేది. బద్ధకం ఎక్కువైందని తిట్టాను.

ఈస్టర్‌కి నాకో వెండి నాణెం ఇచ్చింది. మధ్యలో రంగుల గుడ్డు, దాని నిండా రాళ్లు పొదిగినట్టు మెరుపులు.

"డబ్బు మీద గుడ్డేంటే? దీనికి ఏమొస్తుంది?"

"ఖర్చు పెట్టేది కాదమ్మా, దాచుకునేది. రష్యాలో రాజు ఈస్టర్‌కి రాణికి ఇలాంటి గుడ్డు చేయించి ఇచ్చేవాడంట. లోపల ఏం పెట్టించాడో ముందు చెప్పేవాడు కాదంట."

"బాగుంది సంబడం. నాకైతే ముందే చెప్పాలి."

నవ్వి నా ఒళ్లో తల పెట్టుకుంది. అంత పెద్ద పిల్ల, చాలాసేపు లేవలేదు.

సమాధి చేసి వచ్చాక ఆ స్నేహితురాలు నాణెం చూసి ఏడ్చింది. "హాస్పిటల్లో టెస్ట్ కోసం వెయిట్ చేస్తూ ఆర్డర్ చేసింది ఆంటీ. నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్లా."

"ఏం టెస్టు?"

అప్పుడు చెప్పింది. ఏడాదిగా గుండె జబ్బట. నాకు చెప్పొద్దని మాట తీసుకుందట.

"ఇంకెవరికి తెలుసమ్మా?"

తల వంచుకుంది. "ప్రేయర్ గ్రూప్‌లో అందరికీ."

పేరు చెప్పుకోలేని వాళ్ల కోసం మనం 'ఒక సహోదరి' అని ప్రార్థిస్తాం కదా. ఏడాది పాటు ఆ సహోదరి కోసం నేనూ మోకరించాను, పక్కనే నా కూతురు. ఒకసారి కారులో, "ఎవరి బిడ్డో పాపం, వాళ్లమ్మ ఎలా తట్టుకుంటుందో" అన్నాను.

"తట్టుకుంటుందిలే అమ్మా" అంది. రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

ప్రేయర్ గ్రూప్‌లో మీరు చేసిన ప్రార్థనలు మరిచిపోను. కానీ నా బిడ్డ పేరు పెట్టి నేను ఒక్కసారైనా దేవుణ్ణి అడగలేదు. మీరంతా కలిసి నన్ను అడగనివ్వలేదు. తనూ అడగనివ్వలేదు. నాకు ఇంగ్లీషు రాదు గానీ, ఏడవడం వచ్చు. తనతో కూర్చుని ఏడ్చేదాన్ని.

గత ఆదివారం మళ్లీ "పేరు చెప్పలేని ఒక సహోదరుడి కోసం" అన్నారు. నేను కళ్లు మూసుకోలేదు. ముందు వరుసలో ముగ్గురు తల్లులు కొంగులు తల మీదికి లాక్కుని, కళ్లు గట్టిగా మూసుకుని, ఎవరి బిడ్డ కోసమో ఆమెన్ అంటున్నారు.