రొయ్యలు పెట్టిన ఫ్రీజరు

మాస్టారు పోయారని తెనాలి నుంచి ఫోనొచ్చింది. రేపల్లెలో మా వీధి ఎస్టీడీ బూత్ ఆయన పరుగున వచ్చి చెప్పాడు. ఏడ్చాను. బాపట్లలో సంతాపసభకు వెళ్లొచ్చాక మాత్రం ఏడుపు పోయి అసహ్యం మిగిలింది. ఆ అసహ్యంతోనే ఇది రాస్తున్నాను.

ఎనభైల చివర్లో, బాపట్లలో ఒక చిన్న పరిశోధనశాలలో ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. పత్తికి ఎంత మందు కొట్టినా పురుగు చావని రోజులవి. పురుగు ఒంట్లో విషాన్ని విరిచేసే ఎంజైము ఒకటి ఉంటుంది. చావని పురుగుల్లో అది మరీ ఎక్కువని మాస్టారి అనుమానం. దాన్ని పట్టుకోవడానికి కుందేళ్లను పెంచారు. ఆ ఎంజైమును కొద్దికొద్దిగా కుందేలుకు ఎక్కిస్తే, దాని రక్తంలో ఆ ఎంజైమునే గుర్తుపట్టి అంటుకునే యాంటీబాడీ తయారవుతుంది. ఆ రక్తం నుంచి తీసిన సీరాన్ని ప్లేటులో పరిచిన జెల్లీలో ఒక గుంటలో, నలిపిన పురుగు రసం పక్క గుంటలో పోస్తే, మధ్యలో సన్నటి తెల్లగీత పడుతుంది. గీత పడితే ఎంజైము దొరికినట్టే.

పురుగులు నలిపిన కంపుకి నేను కొంగు అడ్డం పెట్టుకుంటే నవ్వేవారు. "ఇది కడుక్కుంటే పోయే కంపేనమ్మా," అనేవారు. సూది వేయకముందే కుందేలు రక్తం కొంచెం తీసి దాచేవారు. ప్రతి పరీక్షలోనూ అదీ ఓ గుంటలో పోయాల్సిందే, అక్కడ గీత పడకూడదు. "మన గీత నిజమో కాదో, గీత పడని చోటే చెప్పుద్ది," అనేవారు.

రైతులకు ఏ మందు చెప్పాలో తేల్చే కమిటీ వస్తోందన్నారు. తాము తెచ్చిన పురుగుల మీదే పరీక్ష చేసి చూపాలన్నది వాళ్ల షరతు. గీత చూపిస్తే ఆ పనికిమాలిన మందు మాన్పించవచ్చని మాస్టారి ఆశ. వాళ్లు రావాల్సిన సోమవారం పొద్దున ఫ్రీజరు తీస్తే, నిండా నిజాంపట్నం రొయ్యలు. సీరం గొట్టాలు కిటికీ పక్క బల్ల మీద, మే నెల ఎండకి మురిగి కంపు కొడుతున్నాయి. కమిటీ విందు కోసం శనివారమే మా పరిశోధనశాల అధికారి, పెద్దసారు, చేసిన ఏర్పాటట.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"బయట పెడితే రొయ్యలు పాడైపోవూ?" అన్నాడు పెద్దసారు. ఆపైన మాస్టారితో, "సన్నంగా సుద్దతో ఓ గీత గీసెయ్యండి సార్. వాళ్లేమన్నా నాకి చూస్తారా?"

కమిటీ తెచ్చిన పురుగుల మీద మాస్టారు ఆ మురిగిన సీరంతోనే పరీక్ష పెట్టారు. మర్నాటికి ప్లేటంతా మసక తప్ప గీత లేదు. "సీరం పాడైందండి. ఇవాళ మీకు చూపించడానికేం లేదు," అని కమిటీకి చెప్పేశారు. వాళ్లు వేపుడు బాగుందన్నారు. అదే మందు మోతాదు పెంచి కొట్టమని రాసి వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి నాకు రొయ్యల వాసన వస్తే డోకొస్తుంది.

ఆయన మళ్లీ కుందేళ్లతో మొదలుపెట్టారు. కొత్త సీరం తెనాలిలో తన ఇంటి ఫ్రీజర్లోనే దాచి, ఐసు వేసిన ఫ్లాస్కులో ప్యాసింజరు రైల్లో తెచ్చుకునేవారు. గీత దిట్టంగా పడింది. చూడటానికి ఏ కమిటీ రాలేదు. నేను వాళ్లందర్నీ తిట్టిపోస్తుంటే, "పురుగు దాని పని మానుకుందా? మనమెందుకు మానాలి?" అన్నారు.

సంతాపసభలో పెద్దసారు కళ్లొత్తుకుంటూ, "ఆయన సీరాన్ని కంటికి రెప్పలా కాపాడుకున్నాం," అన్నాడు. చప్పట్లు కూడా కొట్టారు. లేచి తెనాలి రైలెక్కాను.

మాస్టారి భార్య నన్ను చూడగానే ఫ్రీజరు తీసి చూపించారు. సీరం గొట్టాలు తప్ప ఇంకేమీ లేవు.

"ఎండాకాలం ఒక్క ఐసుముక్క పెట్టనిచ్చేవారు కాదమ్మా. మొన్న ఆయన పోయి పడుకోబెట్టాక, పక్కన పెట్టే ఐసు కోసం చుట్టాలు దీని తలుపు తీయబోయారు. నేనే వద్దన్నాను. ఐసుదిమ్మలు బజారు నుంచి తెప్పించాం."

తలుపు మూసి, మోటారు మళ్లీ మోగేదాకా ఆమె అరచేత్తో అదిమి పట్టుకునే ఉన్నారు.