తెగని తాళ్ల కినుకో

కినుకో గీసిన తీగ పట్టుకుని ఊగితే సముద్రం దాటి కొరియాలో పడొచ్చని ఒసాకాలోని ఆ వీడియోగేముల కంపెనీలో చెప్పుకునేవారు. ఆటలో బొమ్మవీరుడు ఎగబాకే నిచ్చెనలూ, గొలుసులూ, తాళ్లూ అన్నీ ఆమె గీసినవే. ఏ ఒక్కటీ తెగేది కాదు.

"నీ తాళ్లకి మా అత్తగారిని వేలాడదీసినా తెగవు కదమ్మా! పిల్లలకి భయమెక్కడిది?" అన్నాడు యజమాని నివా. "నాలుగో లెవెల్లో తాడు తెగాలి, వీరుడు చావాలి. రేపటికి కాకపోతే ఈ పని ఇంకొకరికిస్తా."

కినుకో తల దించుకుంది. ఆమె తండ్రి కొండచరియకు తాడుతో వేలాడుతూ పుట్టగొడుగులు కోసేవాడు. ఆమె చిన్నతనంలోనే ఒకరోజు ఆ తాడు తెగింది. కింద లోయ తప్ప మరేమీ లేదు.

మర్నాడు నివా ఆడి చూశాడు. తాడు పోగులు పోగులుగా విడిపోయి తెగింది. పడిన వీరుడు కింద గడ్డి మొలిచిన రాతిగట్టు మీద నిలబడ్డాడు.

"మరి చావేదమ్మా?"

"అది గీయడం నాకు చేతకాదండీ. ఇంకొకరికి ఇచ్చేయండి."

నివా మళ్లీ ఆడాడు. తాడు తెగగానే అతని భుజాలు బిగుసుకోవడం, గట్టు తగలగానే ఊపిరి వదలడం కినుకో చూస్తూనే ఉంది.

"భయం ఉందిలే," అన్నాడతను మెల్లగా. "గట్టు ఉండనీ."