కారే కార్బురేటరూ, మన మర్యాదలూ

మీ ఇంట్లో ఒక యంత్రం చెడిపోతే దాన్ని బాగుచేసేవాడిని పిలుస్తారా, మీ అభిప్రాయానికి తల ఊపేవాడిని పిలుస్తారా? తొందరపడి జవాబు చెప్పకండి. ముప్పై ఏళ్ళుగా సభల్లో హేతువాదం మాట్లాడుతున్న నాకే సరైన జవాబు దొరకడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ మా అక్క ఇంట్లో ఒక పాత కారు పెట్రోలు కారుస్తూనే ఉంది.

అక్కావాళ్ళది కొత్తపేట దగ్గర కాలవ గట్టు మీద ఊరు. మా బావగారు సంస్కృతం మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ కారు వాళ్ళ నాన్నగారు కొన్నది. గుండ్రటి బానెట్టు, సోఫాలాంటి సీటు, తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసినంత చప్పుడు. బావగారు దాన్ని రోజూ తుడుస్తారు, బొట్టు పెడతారు, అప్పట్లో శుక్రవారం నాడు ముందు చక్రం దగ్గర కర్పూరం కూడా వెలిగించేవారు. బానెట్టు మాత్రం ఎత్తరు. గర్భగుడిలోకి అందరూ తొంగిచూడకూడదు కదా!

మొదట కార్లో పెట్రోలు వాసన వచ్చింది. తరవాత ఇంజను కింద నేల తడిసింది. నేను బానెట్టు ఎత్తి చూస్తే కార్బురేటర్ అడుగునుంచి చుక్క చుక్కగా పెట్రోలు రాలుతోంది.

"దిష్టి తగిలిందోయ్," అన్నారు బావగారు. "మొన్న దిండి వెళ్తా హైదరాబాదోళ్ళెవరో ఆగి మరీ ఫోటోలు తీసుకున్నారు. అప్పుడే అనుకున్నాను."

"ఫోటో తీస్తే పెట్రోలు కారిపోతుందా బావగారూ? అలాగైతే మీ పెళ్ళినాడే మన ఇల్లు గోదాట్లో కలవాలి."

"నీకు వెటకారం ఎక్కువైంది," అంటూ ఆయన నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చడానికి దారం తీశారు.

నా సిద్ధాంతం వేరు. ఒకప్పుడు నా స్కూటరు కార్బురేటర్‌కి ప్యాకింగు చిరిగి పెట్రోలు కారింది. కనుక ప్రపంచంలోని కార్బురేటర్లన్నీ ప్యాకింగు చిరిగే కారతాయని తీర్మానించాను. ఒక్క ఉదాహరణ పట్టుకుని శాస్త్రం కట్టేవాళ్ళని నేను వేదికలెక్కి ఎన్నిసార్లు ఉతికి ఆరేశానో! అప్పుడది గుర్తు రాలేదు.

అమలాపురం నుంచి మెకానిక్‌ని పిలిపించాం. తల నెరిసిన మనిషి, నెమ్మదస్తుడు. పాత బళ్ళంటే ఆయనకి చిన్నప్పటినుంచీ ప్రాణమట.

"ప్యాకింగు పోయిందండీ, మార్చెయ్యండి," అన్నాను.

"ఆయ్," అని తల ఊపాడు.

"ముందు నిమ్మకాయ దిగతుడవాలి. అప్పుడు విప్పండి," అన్నారు బావగారు.

"ఆయ్. అలాగేనండి."

ప్యాకింగు మారింది. నిమ్మకాయ దిగతుడిచారు. రెండు రోజులు చుక్క రాల్లేదు. బావగారు నా వంక జాలిగా చూశారు. నేనూ ఆయన వంక అలాగే చూశాను. మూడోరోజు మళ్ళీ కారింది. నేను ప్యాకింగు నాసిరకమన్నాను, ఆయన నిమ్మకాయ వాడిపోయిందన్నారు. ఇలా మూడు నెలలు. పిలిచినప్పుడల్లా మెకానిక్ వచ్చి ఇద్దరికీ "ఆయ్" అనేవాడు, మేం చెప్పింది చేసి వెళ్ళేవాడు.

ఈలోగా అక్క మనవరాలికి పుట్టువెంట్రుకలు తీయించే రోజు దగ్గరపడింది. అప్పనపల్లి గుళ్ళో మొక్కు. పాప ఆ కార్లోనే వెళ్ళాలని బావగారి పట్టుదల. బయల్దేరే ముందురోజు ఉదయం బండి ఒకసారి చూడమని మెకానిక్‌ని రప్పించారు. అతను ఇంకా సామాను విప్పకముందే బావగారు పళ్ళెంలో కర్పూరం పెట్టుకుని బానెట్టు ముందు నిలబడ్డారు. చక్రం పక్కన మట్టి పెట్రోలుతో నల్లగా తడిసి ఉంది. అక్క పాపనెత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. ఒక్క చూపు చూసి గబగబా మెట్లు దిగి, బావగారి చేతిలోని అగ్గిపెట్టె లాక్కుని బొడ్లో దోపుకుంది.

"ఏంటే ఇది! పదేళ్ళనుంచి హారతి ఇస్తన్నాం, ఏమైంది?"

"పదేళ్ళనుంచీ కారట్లేదు కదండీ! పిల్లని ఒళ్ళో పెట్టుకుని నేను కూచోవాలి ఇందులో. మీరు కూచుంటారా ఎత్తుకుని?"

శభాష్ అన్నాను పైకే. ఆవిడ నా మీదికి తిరిగింది.

"నువ్వు నోరు ముయ్యరా! ఆయన నిమ్మకాయ మార్చేరు, నువ్వు ప్యాకింగు మార్పించేవు. ఇద్దరూ ఎన్నిసార్లు మార్చేరు? ఇద్దరికీ తేడా ఏంటో చెప్పు."

వేదికల మీద నన్ను ఇంత సూటిగా అడిగినవాళ్ళు లేరు.

ఆవిడ మెకానిక్ వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, మీకేమనిపిస్తోంది?"

ఆయన మా ఇద్దరివంకా చూసి గొంతు తగ్గించాడు. "ఆళ్ళిద్దరూ అరుగు మీదకెళ్తే చెప్తానమ్మా."

వెళ్ళాం. అరుగు మీదికి మాటలు బాగానే వినబడ్డాయి.

"లోపల ఫ్లోటు చిల్లడిందమ్మా. మేడ మీద నీళ్ళ ట్యాంకులో బంతి ఉంటాది చూడండి, అలాంటిదే. తేలితే పెట్రోలు ఆగుద్ది. దాన్లోకే పెట్రోలు దిగితే తేలదు, అందుకే పొంగిపోతంది. నేను విప్పినప్పుడు కాస్త ఒలికి తేలికవుద్ది. రెండ్రోజులు ఆగుద్ది."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"మొదటిరోజే అనుమానమొచ్చిందండి."

"మరి చెప్పలేదేం?"

"మాస్టారు దిష్టన్నారు. తమ్ముడుగారు ప్యాకింగన్నారు. ఇద్దరూ చదువుకున్నోరు. కాదంటే బాగోదు కదండీ. ఆయ్ అన్నాను."

గోదావరి మర్యాద అంటే ఇదే. పెద్దమనిషి మాట కొట్టెయ్యకూడదు, పెట్రోలు మాత్రం కారచ్చు. మొహమాటపడ్డ ఆయన్ని తప్పుపట్టను. ఒక్కసారైనా అడగని మమ్మల్ని ఏమనాలి?

మెకానిక్ ఇత్తడి ఫ్లోటు బయటికి తీసి చెవి దగ్గర ఊపితే లోపల గళగళమంది. అక్క పొయ్యి ఆర్పి, మరిగిన నీళ్ళ గిన్నె పెరట్లోకి తెచ్చి పెట్టింది. ఫ్లోటు అందులో ముంచగానే, వేడికి లోపలి పెట్రోలు ఆవిరై, అతుకు దగ్గర్నుంచి సన్నటి బుడగలు వరసగా లేచాయి. మా ఇద్దరి సిద్ధాంతాలూ ఆ బుడగలతోపాటే పోయాయి. బావగారు ముక్కు మీద కళ్ళజోడు సర్దుకుని, "ప్రత్యక్షాన్ని మించిన ప్రమాణం లేదు," అన్నారు, అది తామే కనిపెట్టినట్టు.

పాప పుట్టువెంట్రుకలకి అందరం ఆటోలో వెళ్ళాం. ఫ్లోటులో పెట్రోలంతా వంచేసి ఎండలో ఆరబెట్టాక కంసాలి గారు చిల్లు అతికారు. అతుకు బరువైతే మళ్ళీ మునుగుతుందని మెకానిక్ చెబితే, అతకడానికి కరిగించి పోసిన టాంకంలో ఎక్కువైంది ఆకురాయితో రాచి, త్రాసులో తూచి ఇచ్చారు. ఆ తరవాత చుక్క రాల్లేదు. మొక్కు తీర్చాం గనుక కారడం ఆగిందని బావగారు ఊరంతా చెబుతున్నారు. చెప్పుకోనివ్వండి. కర్పూరం మాత్రం ఇప్పుడు వీధరుగు దాటి బయటికి రాదు, అక్క రానివ్వదు.

పాత బళ్ళున్న ఆస్తికులారా, నాస్తికులారా! రోగం పేరు మీరే చెప్పేసి మందు మాత్రం వేయమని పనివాణ్ణి పిలవకండి. బండిలో పెట్రోలు వాసన వస్తోందా? మంట దాని దరిదాపులకు రానివ్వకండి, పిల్లల్ని ఎక్కించకండి. ఇవాళే మెకానిక్‌ని పిలిచి, "మీకేమనిపిస్తోంది?" అని అడిగి, ఆయన చెప్పడం పూర్తయ్యేదాకా నోరు మూసుకుని నిలబడండి.