పప్పు మీద నేను పెట్టిన అర్జీ

అరవైమంది నోటికాడి కూడును ఒక్క మాటతో ఊడగొట్టిన ఘనుణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడలేదని విచారించకండి, ఈ కథ చెబుతున్నవాడు వాడే. మా సీమలో కరువు కూడా నెలల తరబడి వానల్ని ఆపి, ఊరూరా తిరిగి కష్టపడితే గానీ చేయలేని పనిని నేను ఒక్క మధ్యాహ్నం, అదీ కడుపు నిండా తిని, కూర్చున్న చోటు నుంచి కదలకుండా చేశాను.

మద్రాసు నుంచి విడిపోయిన ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిన కొత్త. ఊళ్లో గోడ కనబడితే చాలు ఒక ఆఫీసు బోర్డు తగిలించేవారు. గోడ దొరకని ఆఫీసులు డేరాల్లో దిగాయి. నేనప్పుడు ఇంటర్ రెండో ఏడు. పేరు మద్దిలేటి. కోడుమూరు దగ్గర మెట్టసేద్యం చేసుకునే మా ఇంట్లోంచి కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి. అందువల్ల నా తలకాయ ఉండాల్సిన చోటుకు జానెడు పైన ఉండేది.

మా హాస్టల్లో పప్పు అని ఒకటి వడ్డించేవారు. గిన్నె నిండా పోశాక కూడా గిన్నె అడుగున చెక్కిన పేరు చక్కగా చదువుకోవచ్చు. ఆదివారం మాత్రం మనిషికి రెండు వడలు. వారమంతా ఆ రెండు వడల మీద ఆశతోనే బతికేవాళ్లం. ఒకరోజు ఆ పప్పులో వేళ్లు కడుక్కున్నట్టు కలుపుతూ, నా పక్కన కూర్చున్న బద్వేలు మస్తాను అన్నాడు.

"ఏమప్పా మద్దిలేటీ, గవుర్మెంటంతా మన వీధిలోనే డేరా వేసుకోని కూచోనుండాది. పోయి ఒక అర్జీ పడేస్తే పోలా?"

"ఎవరి మీద? వార్డెను మీదనా?"

"మనిషి మీద కాదబ్బా, పప్పు మీద!"

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగితే వార్డెను ఏం చేస్తాడో ఏ సామెతలోనూ లేదు. ఉండుంటే నేను ఆగేవాణ్ణి. ఆ సాయంత్రమే ఇద్దరం విద్యాశాఖవారి డేరాకు పోయాం. లోపల మద్రాసు నుంచి కాగితాలతోపాటు వచ్చిన గుమాస్తా ఒకాయన, గాలికి ఫైళ్లు ఎగిరిపోకుండా వాటి మీద రాళ్లు పెట్టుకుంటూ చెమటలు కక్కుతున్నాడు.

"ఫిర్యాదుకో పద్ధతుందయ్యా," అన్నాడాయన తల ఎత్తకుండానే. "ఆకాశరామన్న ఉత్తరాలు నేరుగా బుట్టలోకి పోతాయి. విషయం ఉండాలి, తేదీ ఉండాలి, సంతకాలుండాలి. జవాబు ఎవరికి పంపాలో పేరు, చిరునామా ఉండాలి. ఇవన్నీ ఉంటే మీ ప్రిన్సిపాలు మీద కూడా విచారణ చేయిస్తాం."

ఆ చివరి మాట విని నేను పొంగిపోయాను. సంతకాల దగ్గర తంటా వచ్చింది. పప్పును తిట్టడానికి అరవై నోళ్లు లేచాయి గానీ, మొదటి సంతకం పెట్టడానికి ఒక్క చెయ్యీ లేవలేదు. చివరికి మస్తాను భోజనం తట్టను కాగితం మీద బోర్లించి గుండ్రంగా గీత గీశాడు. "దీని చుట్టూ పెట్టండప్పా. మొదలెవరో కొస ఎవరో బ్రహ్మదేవునికి గూడా తెల్దు." అందరూ ధైర్యంగా గీత చుట్టూ పెట్టేశారు. ఇక మిగిలింది జవాబు చిరునామా.

"నీ చేతిరాత ముత్యాలబ్బా, నీ పేరే రాయి," అన్నాడు మస్తాను.

ముత్యాలన్న తర్వాత ఆగుతానా? రాశాను. ఇంటికి రాసే ప్రతి ఉత్తరం మీదా రెండేళ్లుగా ఎలా రాస్తున్నానో అలాగే, అలవాటున, చెయ్యి వణక్కుండా రాశాను. 'ఎం. మద్దిలేటి, కేరాఫ్ హాస్టల్ వార్డెన్ గారు.'

చూశారా? దొంగతనానికి పోతూ ఇంటాయన్నే దీపం పట్టమన్నవాణ్ణి నేనొక్కణ్ణే అయివుంటాను.

మా వార్డెను గారు లెక్కల పంతులు. నంద్యాల మనిషి. కోపం వస్తే అరిచేవారు కాదు, నిరూపించేవారు. హాస్టలుకు వచ్చిన ఉత్తరాలను మధ్యాహ్నం భోజనాల దగ్గర నిలబడి, పేరు పిలిచి పంచడం ఆయనకు అలవాటు. కార్డులైతే అందరికీ వినబడేలా చదివి మరీ ఇచ్చేవారు. కార్డు మీద రాసింది రహస్యమెలా అవుతుందని ఆయన సిద్ధాంతం. ఎవరి ఇంట్లో ఎనుము ఈనినా, ఎవరి పెదనాయనకు పన్ను ఊడినా అరవైమందికీ తెలిసిపోయేది.

వారం తిరక్కుండానే నా పేరు పిలిచారు. చేతిలో సర్కారు ముద్ర ఉన్న కార్డు.

"ఇంగ్లీషులో ఉండాది. అందరికీ అర్థం కావల్ల కదా, తెలుగులో చెప్తా," అని వార్డెను గారు కళ్లజోడు సవరించుకున్నారు. "హాస్టలు భోజనం గురించి నువ్వు పెట్టిన ఫిర్యాదు అందిందంట. వచ్చే గురువారం విచారణకు అధికారి వస్తాడంట. అంతవరకు ఈ సంగతి..." కార్డును కళ్లకు దగ్గరగా తెచ్చుకున్నారు. "ఈ సంగతి వార్డెనుకు తెలియనీయకుండా గుట్టుగా పెట్టుకోవల్లంట."

అరవై తట్టల మీద అరవై చేతులు ఆగిపోయాయి. మస్తాను పప్పు గిన్నెలో ఏదో పోగొట్టుకున్నవాడిలా లోపలికి తొంగి చూస్తున్నాడు. వార్డెను గారు కార్డును నా తట్ట పక్కన భద్రంగా పెట్టి, "గుట్టుగానే పెట్టుకుంటాలే నాయనా," అని వెళ్లిపోయారు.

అసలు భయం మరుసటి రోజు మొదలైంది. పరీక్ష దరఖాస్తు మీద 'నడత బాగున్నది' అని వార్డెను సంతకం చేయాలి. ఆ సంతకం లేకపోతే హాలు టిక్కెట్టు రాదు. పోయిన నెలే మా నాయన చెప్పి పంపాడు: "పరీక్ష తప్పితే తప్పుతావు, అది దేవుని దయ. కూచోకుండా మాత్రం ఊర్లోకి రావాకు." ఊరంతా నన్నప్పుడే తాసీల్దారును చేసేసింది. దరఖాస్తు పట్టుకుని వార్డెను గారి గది ముందు నిలబడ్డాను.

"రాప్పా, రా. ఒక లెక్క ఉండాది, చెయ్యి," అన్నారాయన. "గురువారం అధికారి వచ్చి భోజనం బాగుండాది అన్నాడనుకో. అప్పుడు నీ అర్జీ అబద్ధం. అబద్ధాలకోరు నడత బాగుండాదని నేనెట్లా రాసేది?"

"రాయలేరు సార్."

"బాగలేదు అన్నాడనుకో. అప్పుడు నా వార్డెను పని పోతాది. పని పోయినోని సంతకం చెల్లుతుందా?"

"చెల్లదు సార్."

"అంతే కదా. పోయి చదువుకో."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు గానీ, ఆ రెంటినీ కొలిచి చూపించినవాణ్ణి ఆయన్నే చూశాను. నేరుగా డేరాకు పరిగెత్తాను. "అయ్యా, నా అర్జీ నాకిచ్చేయండి. పప్పు చిక్కబడింది!"

గుమాస్తా జాలిగా చూశాడు. "నంబరు పడ్డాక అది నీ అర్జీ ఎలా అవుతుందయ్యా? సర్కారుది. ఉపసంహరించుకోవాలంటే దానికో దరఖాస్తు పెట్టు. అది మీ వార్డెను గారి ద్వారా రావాలి."

"ఫిర్యాదు నేరుగా తీసుకున్నారు కదయ్యా!"

"ఫిర్యాదుకు ఒక దారి, మనసు మార్చుకోడానికి ఒక దారి."

గురువారం రానే వచ్చింది. పొద్దున్నుంచే వంటింట్లోంచి మేమెన్నడూ ఎరగని వాసనలు. అధికారిగారు బొద్దుగా, నెమ్మదిగా ఉండే పెద్దమనిషి. వార్డెను గారు ఆయన్ను మా మధ్యనే పంక్తిలో కూర్చోబెట్టారు. గుత్తొంకాయ, ఉలవచారు, చిత్రాన్నం, గరిటె నిలబడే పప్పు, మీగడ పెరుగు, నేతిలో మునిగిన బక్షాలు, అదే బొబ్బట్లు. రెండేళ్ల ఆకలిని ఒక్కపూటలో తీర్చుకోవాలని అరవైమందీ తట్టల మీద పడ్డారు. నన్ను చూసి మీరు అసహ్యించుకోవచ్చు, నేను ఆరు బక్షాలు తిన్నాను. ప్రాణం పోయేవాడు కూడా నెయ్యి వద్దనడు కదా.

తట్టలెత్తాక విచారణ. అధికారిగారు ఒక బక్షం ఎక్కువైన నిట్టూర్పు విడిచి, జేబులోంచి చిన్న చీటీ తీశారు. "అర్జీ అసలు కాగితం గాలికి ఎక్కడికో పోయిందట. నా దగ్గర ఇంతే ఉంది: 'హాస్టలు భోజనము విషయమై మద్దిలేటి, ఇతర విద్యార్థుల ఫిర్యాదు.' ఇక్కడ మద్దిలేటి ఎవరు?"

లేచి నిలబడ్డాను.

"ఏమిటయ్యా నీ ఫిర్యాదు? ఇంత భోజనం మా ఇంట్లో పండక్కి కూడా ఉండదే!"

వార్డెను గారు నా వంక చూశారు. మా నాయన కళ్ల ముందు నిలబడ్డాడు. తక్కువంటే వార్డెను పోతారు, ఫిర్యాదేమీ లేదంటే నేను పోతాను. అర్జీ కాగితం ఎలాగూ పోయింది! అప్పుడు మెరిసింది నా బుర్ర. ఏనాడూ లెక్కల్లో మెరవనిది, ఆ పూటే మెరవాలా?

"సార్, ఫిర్యాదు భోజనం చాలదని కాదు సార్. శానా ఎక్కువైపోతాండాదని!"

అధికారిగారు చీటీని మళ్లీ చదువుకున్నారు.

"దినామూ ఇట్లానే పెడతాండారు సార్. తిన్నాక నిద్ర. చదువు సాగడం లేదు. పరీక్షలు దగ్గరికొచ్చినాయి. కొంచెం తగ్గిస్తే మేలని..."

అధికారిగారి కళ్లు చెమర్చాయి. సరిగ్గా అప్పుడే గోడకానుకుని కూర్చున్న మస్తాను గుర్రు పెట్టాడు. ఇంతకంటే సాక్ష్యం ఎవరికి కావాలి? ఆయన నా భుజం తట్టి, "నా సర్వీసులో ఇలాంటి విద్యార్థిని చూడలేదు," అని వార్డెను గారి చెయ్యి ఊపి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రమే వార్డెను గారు నా దరఖాస్తు మీద సంతకం చేశారు. "నడత బాగున్నది" కాదు, "నడత ఆదర్శప్రాయము" అని రాశారు. నేను గాల్లో నడుచుకుంటూ గదికి వచ్చాను. నుయ్యీ గొయ్యీ రెండూ ఒక్క గంతులో దాటిన మొనగాణ్ణని నా ఎదురుగా నేనే ఒప్పుకున్నాను.

పది రోజులకు ఉత్తర్వు వచ్చింది. వార్డెను గారు భోజనాల దగ్గర నిలబడి, తెలుగులోనే, అందరికీ అర్థమయ్యేలా చదివారు. "విద్యార్థులే స్వయంగా కోరినందున, వారి చదువు మేలు కోరి, పప్పు ఇకపై వారానికి మూడు దినములు మాత్రమే. ఆదివారం వడలు పూర్తిగా రద్దు. దీనిని ఇతర హాస్టళ్లలోనూ అమలు చేయు విషయం పరిశీలించబడును."

ఆ రోజు పప్పు లేని రోజు. అరవై జతల కళ్లు నా వైపు తిరిగాయి. తిట్లు వస్తాయనుకున్నాను, రాలేదు. మస్తాను మాత్రం నా ఉత్త తెల్లన్నం వంక చూసి చాలా మర్యాదగా అన్నాడు.

"మద్దిలేటీ, నీ నడత ఆదర్శప్రాయమంట కదప్పా. దాన్నే అన్నంలోకి నంజుకో."

అందుకని, పాఠకులారా, అహోబిలం నరసింహస్వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చారులో చీమ తేలినా, బల్లి ఈదినా ఇక నోరెత్తను. ఎత్తక తప్పని రోజే వస్తే, ఎదుట ఉన్న అధికారి ఆకలితో ఉన్నాడో లేదో ముందు కనుక్కుంటాను. కడుపు నిండినవాడైతే, కూడు మాట ఎత్తకుండా నా నోటికి నేనే తాళం వేసుకుంటాను.